తెర లోపల ఎవరు?

కొన్నేళ్ళ క్రితం ఎనుమాముల మార్కెట్ వెనకాల ఉన్న ఒక బస్తీలో హెచ్‌ఐవితో జీవిస్తున్న కొందరు స్త్రీలతో మాట్లాడుతూ ఉండేదాన్ని. వాళ్ళ సంఘం ద్వారానే నాకు పరిచయమయ్యారు. ఇళ్ళకు వెళ్ళినప్పుడు పొదుపు సంఘం పని మీద వచ్చినదానిలా వెళ్ళాలని ముందే షరతు పెట్టారు. అలాగే వెళ్ళాను. నా చేతిలో ఒక ప్రశ్నపత్రం. అందులో ఇంటి సౌకర్యాల జాబితా: గ్యాసు, ఫ్యాను, టీవీ, మరుగుదొడ్డి, దోమతెర.

"దోమతెర ఉందామ్మా?" అని అడిగాను.

"ఉన్నది మేడం."

టిక్కు పెట్టాను. ఆమె ఆ టిక్కు వైపు చూసి నవ్వింది. "తెర ఉన్నది. నేను తెర బయట పండుకుంట. అది రాస్కోరా?"

అది రాసుకోవడానికి నా కాగితంలో గడి లేదు. ఆ కాగితం తయారుచేసింది నేనే.

ఆమె మార్కెట్‌లో చాట కూలీ. మిర్చి సీజన్‌లో తెల్లవారకముందే యార్డుకు చేరాలి. భర్త లారీ మీద పనిచేసేవాడు, చనిపోయాడు. అత్తగారిది ఒక్క గది రేకుల ఇల్లు. ఉన్న ఒక్క దోమతెర మంచానికి కట్టి ఉంటుంది. అందులో సంపాదించే మరిది, ఆయన పిల్లలు, వాళ్ళతోపాటు ఈమె కొడుకు. అత్తకు ఫ్యాను కింద చోటు. ఈమె వసారాలో గోనె బస్తాలు పరుచుకుని పడుకుంటుంది. "పిలగాడు లోపల పండుకుంటడు, నాకు గదే సాలు" అంది. మన ఇళ్ళల్లో అన్నం గిన్నె ఏ వరసలో తిరుగుతుందో మనందరికీ తెలుసు. ముందు మగవాళ్ళు, తర్వాత పిల్లలు, చివరికి అడుగూ బొడుగూ ఆడవాళ్ళకు. దోమతెర కూడా సరిగ్గా ఆ వరసలోనే తిరుగుతోంది. ఆ వరసలో విధవరాలు, అందులోనూ 'ఆ జబ్బు' ఉన్న విధవరాలు ఎక్కడుంటుందో ఊహించడం కష్టం కాదు. తెర కింద చోటు అవసరం అందరికన్నా ఆమెకే ఎక్కువ కదా అన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ అప్పటిదాకా రాలేదు.

మరో ఇంటికి వెళ్ళినప్పుడు తలుపు తీయగానే సంతోషం కలిగింది. కోడలికి ప్రత్యేకంగా ఒక తెర! స్నానాల గది పక్కన మూలకు, నాలుగు మేకులకు నీటుగా కట్టి ఉంది. ఎంత శ్రద్ధ అనుకున్నాను. కాసేపటికి అత్తగారే చెప్పింది, కోడలితో ఏమన్నదీ: "నిన్ను కుట్టిన దోమ పొల్లను కుడితె ఎట్లనే?" వేరే కంచం, వేరే గ్లాసు, వేరే బకెట్టు, వాటితోపాటు వేరే దోమతెర. ఆమెను దోమల నుంచి కాపాడటానికి కాదు, ఆమె నుంచి ఇంటిని కాపాడటానికి కట్టిన తెర అది. ఆమె భర్తకూ హెచ్‌ఐవి ఉంది. ఆమెకు వచ్చింది ఆయన నుంచే. ఆయన మాత్రం గదిలో మంచం మీద హాయిగా, ఏ తెరా లేకుండా నిద్రపోతాడు. కొడుకు రక్తం దోమకు రుచించదేమో!

దోమ వల్ల హెచ్‌ఐవి రాదు. మూడు దశాబ్దాలుగా ఈ మాట చెబుతూనే ఉన్నాం, ఇంకా చెప్పాల్సే వస్తోంది. దోమ రక్తం పీల్చే దారి వేరు, లాలాజలం వదిలే దారి వేరు. అది ఒకరి రక్తం తీసి ఇంకొకరిలోకి ఎక్కించే సూది కాదు. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుంది. హెచ్‌ఐవి పెరగదు, దోమ కడుపులో జీర్ణమైపోతుంది. వాదించే వాళ్ళకు నేను మరో ప్రశ్న వేస్తాను. దోమ అంటించేదే అయితే అది భార్యాభర్తలనే ఏరుకుని కుడుతుందా? పక్కనే పడుకున్న అవ్వను ఎందుకు వదిలేస్తుంది? మలేరియాను దోమ మోస్తుందన్న గుట్టు 1897లో రోనాల్డ్ రాస్ మన సికిందరాబాదులోనే విప్పాడు. అదే గడ్డ మీద దోమ పేరు చెప్పి కోడలిని మూలకు నెట్టగలుగుతున్నారు.

దోమకూ హెచ్‌ఐవికీ సంబంధం ఉన్నది ఇంకో వైపు నుంచి. రోగనిరోధక శక్తి తగ్గిన మనిషికి మలేరియా తరచుగా వస్తుంది, తీవ్రంగా వస్తుంది. జ్వరం ఉన్నన్నాళ్ళూ రక్తంలో వైరస్ కూడా పెరుగుతుంది. గర్భిణికి హెచ్‌ఐవి ఉంటే మలేరియా తల్లికీ బిడ్డకూ మరింత ప్రమాదం. తూర్పు ఉగాండాలోని టొరోరో ప్రాంతంలో హెచ్‌ఐవి ఉన్నవాళ్ళకు ముందు కోట్రిమోక్సజోల్ (మన వాళ్ళు సెప్ట్రాన్ అనే మాత్ర), తర్వాత ఎఆర్‌టి మందులు, ఆపైన మందు పూసిన దోమతెరలు ఇచ్చి చూశారు. మూడూ కలిసి మలేరియాను 95 శాతం తగ్గించాయని 2006లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అక్కడ తెర కూడా మాత్రలాగే వైద్యంలో భాగమైంది. ఇంటికి కాకుండా మనిషికి చేరింది.

ఎనుమాముల ఉగాండా కాదని నాకు తెలుసు. వరంగల్ పట్టణంలో మలేరియా ఇప్పుడు పెద్ద సమస్య కాదు. కానీ మార్కెట్ చుట్టుపక్కల మురికి కాలవల్లో పెరిగే దోమ బోదకాలు తెచ్చే జాతి, రాత్రిపూటే కుడుతుంది. డ్రమ్ముల్లో, తొట్లలో పట్టి ఉంచిన నీళ్ళలో డెంగీ దోమ పెరుగుతుంది. అది పగలు కుడుతుంది కాబట్టి రాత్రి తెర దాన్ని పూర్తిగా ఆపదు. నీళ్ళ డ్రమ్ముకు మూత ఉండాల్సిందే. అయినా జ్వరంతో పగలంతా పడుకునే మనిషికి ఆ తెరే రక్ష. 2006లో చికున్‌గున్యా వచ్చి కీళ్ళు పట్టేసి ఇళ్ళకు ఇళ్ళు మంచాన పడటం మనం చూశాం.

పైగా హెచ్‌ఐవి ఉన్న ఇంట్లో జ్వరం ఒట్టి జ్వరం కాదు. ఇది దోమ జ్వరమా? టీబీనా? మందు పనిచేయడం మానేసిందా? ఆ రాత్రి నిద్ర ఉండదు. ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోతే జబ్బు సంగతి చెప్పాలా వద్దా? చెబితే బయటికి పొక్కుతుంది, చెప్పకపోతే వైద్యం తప్పుతుంది. కూలీ పోతుంది, పరీక్షలకు అప్పు పుడుతుంది. ఒక్క జ్వరం తప్పితే ఆమెకు ఇన్ని తప్పుతాయి.

మన దేశంలో ప్రభుత్వం దోమతెరలు పంచేటప్పుడు ఊరిని చూస్తుంది. వెయ్యి మందికి ఎన్ని మలేరియా కేసులన్నది లెక్క. ఏజెన్సీ గూడేలకు ముందు ఇవ్వడం న్యాయమే, అందులో నాకు పేచీ లేదు. ఊరి తర్వాత చూసేది ఇంటిని. ఇంట్లోకి వెళ్ళాక తెర ఎవరి మీద వాలుతుందన్నది ఎవరూ చూడరు. 'కుటుంబం' అన్న మాటతో మా సామాజిక శాస్త్రం చాలా కాలం మోసపోయింది. ఇంటి గడప దాటాక అందరూ సమానమే అన్నట్టు లెక్కలు కట్టాం. అయితే మనిషి పేరునే ఇచ్చే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. 2004 ఏప్రిల్‌లో దేశంలో మొదలైన ఉచిత ఎఆర్‌టి మనిషికే ఇస్తారు. తెలంగాణలో 2014 నవంబరులో మొదలైన ఆసరా పింఛన్లలో ఎఆర్‌టి వాడేవాళ్ళనూ చేర్చారు. మందుకూ డబ్బుకూ ఆమె ఒక మనిషి అయినప్పుడు దోమతెర దగ్గర మాత్రం ఒక ఇంటి సభ్యురాలు ఎందుకైపోవాలి?

హక్కుల ఉద్యమంలోని కొందరు స్నేహితులు నాతో అన్నారు, ఆస్తి కేసులు నడవక, పింఛను ఆగిపోయి, ఇంట్లోంచి గెంటేస్తుంటే దోమతెర గురించి మాట్లాడతావేమిటని. 2005 గృహహింస చట్టం కింద ఆడవాళ్ళను కలిసి బతికిన ఇంట్లోంచి గెంటేయడానికి వీల్లేదు. 2017లో వచ్చి 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ఇంటి సౌకర్యాలను వివక్ష లేకుండా వాడుకునే హక్కు గురించి కూడా మాట్లాడింది. ఆ సౌకర్యం అన్న మాటకు రూపం ఏమిటి? నా లెక్కలో వసారా, మంచం, ఫ్యాను, తెర. కోర్టులో హక్కు తేలడానికి ఏళ్ళు పడుతుంది. ఆమె ఆ ఇంట్లో హక్కుదారా కాదా అన్నది దోమతెర ఈ రాత్రికి ఈ రాత్రే చెబుతుంది.

కాబట్టి ఇళ్ళకు వెళ్ళే కార్యకర్తలకు నా మనవి. "తెర ఉందా?" అని అడగకండి. "నిన్న రాత్రి ఎవరెక్కడ పడుకున్నారు?" అని అడగండి. వేరే తెర కనిపిస్తే నాలా సంతోషపడకండి, ఎందుకు వేరే అని అడగండి. అడిగేటప్పుడు అత్తగారు పక్కనుంటే ఆ ప్రశ్న ఇంకోరోజుకు వాయిదా వేయండి. ఎఆర్‌టి కేంద్రానికి నెలనెలా వచ్చేవాళ్ళకు మందులతోపాటు మనిషికొకటి చొప్పున మందు పూసిన తెర ఇవ్వాలని ప్రభుత్వాన్ని మనం అడగాలి. అద్దె ఇళ్ళల్లో గోడకు మేకు కొట్టనివ్వరు కనుక మేకులు అక్కర్లేని మడత తెరలు కూడా ఉండాలి.

ఈ డిమాండు సంగతి ఆ చాట కూలీకి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. "దాని మీద ఎయిడ్స్ బొమ్మ, ఎర్ర రిబ్బను ఏం పెట్టొద్దు మేడం" అంది. తర్వాత కాసేపు ఆలోచించి, "మందుల సంచిల పట్టేటట్టు సిన్నగ మడిచి ఇయ్యుమనుండ్రి. చేతిల పట్టుకుని ఆటో ఎక్కితె, గిదేడ ఇచ్చిండ్రు అని అడుగుతరు."