చల్లదనం దొంగలం మేం కాదు

సంపాదకులు గారికి,

ఆదివారం అనుబంధంలో కోల్డ్ చైన్ మీద మీరు వేసిన రెండు పేజీల వ్యాసం చదివాను. రొయ్యలు, ఐస్‌క్రీమ్ దారిలోనే పాడవుతున్నాయనీ, డీజిల్ మిగుల్చుకోడానికి డ్రైవర్లు రాత్రిళ్లు చల్లబరిచే మెషిన్ ఆపేయడమే అందుకు మొదటి కారణమనీ రాశారు. ఫ్యాక్టరీ మేనేజరు గారి మాట వేశారు, గోడౌన్ వాళ్ల మాట వేశారు, ఎగుమతిదారు గారి ఫొటో కూడా వేశారు. డ్రైవర్‌ని మాత్రం ఒక్కణ్ణీ అడగలేదు. భీమవరం చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి చాలా ఏళ్లుగా రీఫర్ బండి, అంటే సరుకును చల్లగా ఉంచే లారీ, తోలుతున్నవాణ్ణి నేను. ఆ వ్యాసం చదివాక ఆ పూట అన్నం సయించలేదు.

ముందు అసలు విషయం. బండికున్న మెషిన్ సరుకును గడ్డ కట్టించదు. గడ్డ కట్టిన సరుకు కరక్కుండా కాపాడుతుంది, అంతవరకే దాని పని. ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫ్రీజర్ నుంచి మైనస్ 18లో వచ్చిన రొయ్యల పెట్టెను మైనస్ 18లోనే ఉంచగలదు. మైనస్ 8లో ఎక్కించిన పెట్టెను దారిలో మైనస్ 18కి దించమంటే దాని తరం కాదు. లోపల గోడల మీద ఎర్ర గీత ఒకటి ఉంటుంది. సరుకు ఆ గీత దాటి పేర్చకూడదు, పైనుంచి చల్లగాలి వెనక తలుపుల దాకా వెళ్లి తిరిగి రావాలి. ఇంకో పాతిక పెట్టెలు పడతాయి కదా అని కప్పుకు ఆనించి కుక్కేది హమాలీలు, కుక్కించేది ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. ‘గాలి ఆడదండీ’ అంటే ‘నువ్వు బండి తోలు’ అంటారు.

రెండు వేసవుల కిందటి సంగతి చెబుతాను. రోహిణి కార్తె. చెన్నై శివారులో ఒక కోల్డ్ స్టోరేజీకి రొయ్యల లోడు. ఆ రోజు ఫ్యాక్టరీలో కరెంటు వస్తూ పోతూ ఉంది. లోడింగ్ కాడ పెట్టెలు ప్యాలెట్ల మీద బయటే పెట్టేశారు. చెయ్యేసి చూస్తే అట్ట చెమర్చి మెత్తబడిపోయింది. అడిగితే, ‘మెషిన్ వేసుకుని పో, ఒంగోలు చేరేసరికి లాగేస్తుంది’ అన్నారు. ఓనర్‌కి ఫోన్ చేస్తే, ‘పార్టీతో పేచీ పెట్టుకోకు’ అన్నాడు. తలుపులు వేసి సీలు కొట్టి పంపేశారు. మెషిన్ ఒక్క నిమిషం ఆపకుండా, నెల్లూరు, సూళ్లూరుపేట దాటి, చెప్పిన టైముకే చేరాను.

గేటు కాడ టోకెన్ ఇచ్చి పక్కకు పెట్టుకోమన్నారు. శనివారం సాయంత్రం అది. సరుకు దించే డాకు ఖాళీ లేదన్నారు, తర్వాత లేబర్ లేరన్నారు, ఆదివారం సెలవన్నారు. ప్లగ్ పాయింట్ ఇస్తే కరెంటు మీద మెషిన్ నడుపుకుంటానని బతిమాలాను. అది వాళ్ల బండ్లకేనట. సోమవారం పొద్దున డాకుకు పెట్టించి, రెండు తలుపులూ బార్లా తెరిచి, లెక్క చూసే గుమస్తా టిఫిన్‌కి వెళ్లిపోయాడు. బయట నిప్పులు కురుస్తున్నాయి. తలుపు వేస్తానంటే వాచ్‌మన్ ఒప్పుకోలేదు. గుమస్తా తీరిగ్గా వచ్చి, తలుపు పక్కనున్న పెట్టె ఒకటి లాగి, రొయ్యల దిమ్మలోకి కన్నం వేసి టెంపరేచర్ ప్రోబ్ గుచ్చాడు. మైనస్ 11. ‘మైనస్ 15 కన్నా వెచ్చగా ఉంటే దించుకోం, లోడు రిజెక్ట్.’ మధ్యలో నుంచి ఇంకో పెట్టె తీసి చూడమన్నాను. చూడలేదు. దారి పొడవునా టెంపరేచర్ నమోదు చేసే లాగర్ ప్రింట్ చేతిలో పెట్టాను. ఫ్యాక్టరీ గేటు దాటిన గంటలోనే వెనక్కొచ్చే గాలి మైనస్ 8 ఉన్నట్టు అందులో స్పష్టంగా ఉంది. లోడు ఎక్కించినప్పుడే వెచ్చగా ఉందనడానికి అంతకన్నా ఏం సాక్ష్యం కావాలి? ఆ కాగితం ఎవరూ చదవలేదు. ‘డ్రైవర్ మెషిన్ ఆపాడు’ అని ఒక్క ముక్క రాసి ఓనర్‌కి పంపారు. డ్యామేజీ కింద నెలల తరబడి నా జీతంలో కోత పడింది. మా అమ్మాయి కాలేజీ ఫీజుకు వడ్డీకి తెచ్చాను. మీ వ్యాసం అక్షరం పొల్లుపోకుండా ఆ గుమస్తా రాసిన ముక్కనే మళ్లీ రాసింది.

మెషిన్ ఆపేసి డీజిల్ అమ్ముకునేవాళ్లు లేరని నేను అనడం లేదు. ఉన్నారు. కానీ లెక్క కూడా రాయండి. మెషిన్‌కి వేరే ఇంజిన్ ఉంటే గంటకు రెండు మూడు లీటర్ల దాకా తాగుతుంది. చిన్న బండ్లలో అయితే వేరే ఇంజినే ఉండదు, బండి ఇంజిన్ ఆపితే చల్లదనం ఆగిపోతుంది. ఓనర్ డీజిల్ ఇచ్చేది కిలోమీటర్ల లెక్కన. గేటు కాడ ఒకటిన్నర రోజు నిలబెడితే కాలిన డీజిల్ ఎవరి ఖాతాలో రాయాలి? గోడౌన్ ఇవ్వదు, పార్టీ ఇవ్వదు, ఓనర్ బత్తాలో పట్టుకుంటాడు. పైగా ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున నడుస్తుంది. నిలబెట్టింది వాళ్లు, గడువు దాటితే రోడ్డు మీద దొరికేది మేం.

వ్యాసంతో వేసిన ఫొటో గురించి కూడా చెప్పాలి. కంటైనర్ కింద నుంచి నీళ్లు కారుతున్న బండిని చూపించి, ‘కరిగిపోతున్న సరుకు’ అని కింద రాశారు. అవి డీఫ్రాస్ట్ నీళ్లు. మెషిన్ లోపలి కాయిల్ మీద పేరుకున్న మంచును మెషినే అప్పుడప్పుడు వేడి చేసి కరిగించుకుంటుంది, ఆ నీళ్లు గొట్టంలోంచి రోడ్డు మీద పడతాయి. మెషిన్ సరిగా పనిచేస్తోందని దానర్థం. ఆకివీడు, కైకలూరు నుంచి శీలావతి, బొచ్చె ఐసు ముక్కల్లో పెట్టుకుని హౌరాకు, గువాహటికి పోయే లారీలు వేరు. వాటికి మెషిన్ ఉండదు, ఐసు కరిగి కారుతూనే ఉంటుంది. రెండింటినీ ఒక గాటన కట్టేశారు. ఆ ఫొటో పడిన రెండో రోజే మా తోటి డ్రైవర్‌ని ఒక టోల్‌గేట్ కాడ ఆపి, సరుకు పాడైపోయిందా అని నిలదీశారు.

రాత్రిళ్లు మెషిన్ ఆపి హాయిగా పడుకుంటామని రాశారు కదా, మా నిద్ర గురించి వినండి. మెషిన్ ఉండేది కంటైనర్ ముందు గోడకు, సరిగ్గా క్యాబిన్ నెత్తిన. దాని మోత కిందే పడుకోవాలి. ఆ మోతలో తేడా వస్తే ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాం. బెల్టు తెగిందా, డీజిల్‌లో గాలి పట్టిందా అని టార్చి వేసుకుని దిగుతాం. బయట 45 డిగ్రీల ఎండలో చెమటతో తడిసిన చొక్కాతోనే మైనస్ 18లోకి ఎక్కి నేల ఊడ్చాలి. జాకెట్ ఇచ్చిన ఓనర్‌ని నేను చూడలేదు. నా మోకాళ్లు ఇప్పటికే పట్టేస్తున్నాయి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే కొత్త లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు, సంతోషం. నా బండి పాతది. వెనక రొయ్యలకున్న చల్లదనం ముందు కూర్చున్న మనిషికి లేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే అనేస్తాను. ఎక్కడ ప్రమాదం జరిగినా మర్నాడు మీ జిల్లా పేజీలో ‘లారీ డ్రైవర్ నిర్లక్ష్యం’ అని ఉంటుంది, విచారణ మొదలు కాకముందే. డ్రైవర్ రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయకూడదనీ, ఐదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించకూడదనీ, మధ్యలో అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ 1961లోనే చట్టం చేశారు. ఆ రోజు అతను ఎన్ని గంటల నుంచి స్టీరింగ్ మీద ఉన్నాడని మీ విలేకరి ఒక్కసారైనా అడిగాడా? ప్రాణం పోయిన ప్రమాదం చేసి చెప్పకుండా వెళ్లిపోతే పదేళ్ల దాకా జైలనే సెక్షన్ మీద 2024 జనవరిలో మేం బండ్లు ఆపితే, మీరు పెట్రోల్ బంకుల కాడ క్యూల ఫొటోలు వేశారు. జనం కొడతారనే భయంతో పారిపోయే మనిషి గోడు ఎక్కడా వేయలేదు. చివరికి ఆ సెక్షన్‌ని ప్రభుత్వమే పక్కన పెట్టింది.

మళ్లీ చల్లదనం దగ్గరకే వస్తాను. సరుకు ఎక్కడ వెచ్చబడిందో తేల్చడం కష్టమేమీ కాదు. లోడింగ్ అప్పుడు ప్రోబ్ గుచ్చి చూసిన టెంపరేచర్, బండి గేటుకు చేరిన టైము, తలుపు తెరిచిన టైము, దించుకోవడం పూర్తయిన టైము సరుకుతో వెళ్లే బిల్టీ మీదే రాసి, పంపేవాళ్లూ దించుకునేవాళ్లూ సంతకాలు పెట్టాలి. ఇన్ని గంటలు దాటితే హాల్టింగ్ చార్జీ, మెషిన్ డీజిల్ నిలబెట్టినవాళ్లే కట్టాలి. లాగర్ చూడకుండా డ్రైవర్ జీతం కోయకూడదు. ఈ మూడూ రాయించడానికి మీ పత్రిక పూనుకుంటే మీ మాట వింటారు, మా మాట వినరు.

నా పేరు దయచేసి వేయకండి. వచ్చే లోడు కూడా ఆ ఫ్యాక్టరీలోనే ఎక్కించుకోవాలి. చెన్నై లోడు లాగర్ ప్రింట్‌ను అచ్చు వెలిసిపోకముందే జిరాక్స్ తీయించాను, కంపెనీల పేర్లు కొట్టేసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మొదటి గంట అంకెలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను, చూడండి.

ఇట్లు,
ఒక రీఫర్ లారీ డ్రైవర్,
భీమవరం