పిల్లలకి చెప్పడానికి మనకేం రోగం?

మన ఆఫీసుల్లో సర్వర్ రెండు గంటలు ఆపాలంటే ముందురోజే మెయిల్ కొడతాం. ఎందుకు ఆపుతున్నాం, మళ్ళీ ఎప్పుడు లేస్తుంది, ఈలోపు ఏవి పనిచేస్తాయి... అన్నీ రాస్తాం. 2020 మార్చి 16న తెలంగాణలో బళ్ళు మూసినప్పుడు పిల్లలకి అలా ఎవరైనా చెప్పారా? "బయటికి పోతే కరోనా పట్టుకుంటది" అన్నాం. పాత బూచోడికి కొత్త పేరు పెట్టాం, అంతే.

వర్క్ ఫ్రం హోమ్ పుణ్యమా అని ఆ ఏడాది నేను దుబ్బాకలోనే ఉన్నా. అక్కావాళ్ళూ మాతోనే. మేనల్లుడు రెండో తరగతి. సెప్టెంబర్ 1 నుంచి టీశాట్ లో, దూరదర్శన్ యాదగిరిలో వేసిన పాఠాలేమో మూడో తరగతి నుంచి పైవాళ్ళకే. అంటే వీడికి బడీ లేదు, టీవీ పాఠమూ లేదు. గడప దాటితే మాత్రం తిట్లు.

ఇంతలో ఉప ఎన్నిక. ఎమ్మెల్యే సోలిపేట రామలింగారెడ్డి గారు ఆగస్టులో చనిపోవడంతో నవంబర్ 3న పోలింగ్ పెట్టారు. డప్పులు, జీపులు, కండువాలు, వీధి నిండా జనం. మాస్కులు గడ్డాల కింద. వాడు కిటికీలోంచి చూసి "మామా, గీళ్ళకు కరోనా రాదా?" అన్నాడు. "కాల్ లో ఉన్నా, తర్వాత చెప్తా" అన్నా. (ఉత్తిదే, ఆ టైంలో ఏ కాలూ లేదు.)

ఎన్నిక వద్దని నేననట్లేదు. బడి ఎందుకు కూడదో, ఊరేగింపు ఎందుకు ఫర్లేదో ఏడేళ్ళవాడికి చెప్పలేకపోతే తేడా వాడి ప్రశ్నలో ఉందా, మన లెక్కలో ఉందా?

ఆ వారమే నాన్నకి జ్వరం. మామూలు జ్వరమే, మూడు రోజుల్లో తగ్గింది. కానీ వీడు తాత గదిలోకి పోడు, అన్నం తినడు. బతిమాలగా బతిమాలగా చెప్పాడు. ఎవరికీ చెప్పకుండా ఊరేగింపు వెనక సందు చివరిదాకా పోయొచ్చాడట. "నా వల్లనే తాతకు జరమొచ్చింది" అని ఒకటే ఏడుపు. భయపెడితే ఇంట్లో ఉంటాడనుకున్నాం. బయటికీ పోయాడు, భయాన్నీ ఒంటరిగా మోశాడు.

జరిగేది పిల్లలకి అర్థమయ్యే మాటల్లో చెప్పండి, రోజూ చేసే పనులు వీలైనంత తప్పకుండా చూడండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మొదట్లోనే చెప్పింది. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. అయినా "వాళ్ళకేం తెలుస్తది" అంటారు చూడండి, ఒళ్ళు మండుతుంది. మనకి చెప్పడం రాదు, అది ఒప్పుకోలేక ఆ మాట.

ఆ రాత్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని జబ్బు ఎలా అంటుతుందో చెప్పా. తాతకి పరీక్ష చేయిస్తే కరోనా లేదన్నారని చెప్పా. బడి ఎప్పుడు తెరుస్తారో నాకూ తెలీదన్నా. "నీక్కూడ తెల్వదా?" అని నవ్వాడు. పొద్దున లేచి చూస్తే తాత మంచం మీదున్నాడు.

వాడి బడి తెరిచేసరికి 2021 సెప్టెంబర్ 1. అప్పటికి వాడు మూడో తరగతి.