కుక్క అచ్చిరాని ఇల్లు లేదు

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ పట్టణాల్లో కొత్తగా ఇల్లు కట్టుకున్న కుటుంబానికి ఇప్పుడు లాబ్రడార్ పిల్ల ఒక ముచ్చట. సింగరేణి ఉద్యోగి అయినా, గల్ఫ్ నుంచి కొడుకు డబ్బు పంపే తల్లిదండ్రులైనా దాన్ని ఇష్టపడే తెచ్చుకుంటారు. తెచ్చిన రోజు చూడవచ్చిన పెద్దలు అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. "గోర్లెన్నున్నయి?" "అంగిలి నల్లగున్నదా?" "ఆడదాన్నెందుకు తెచ్చిన్రు?" "శనివారం పూట తెస్తరా ఎవరన్న?" దాని వయసెంత, తల్లి ఆరోగ్యంగా ఉందా, టీకాలు పడ్డాయా అని అడిగేవాళ్లు అరుదు. మొదటి ప్రశ్నలకు జవాబు ఏదైనా ఆ పిల్ల బతుకులో తేడా రాదు. రెండో ప్రశ్నలు అడగకపోతే అది నెల తిరక్కుండా చనిపోవచ్చు. అందుకే ఈ నమ్మకాలను చిన్న విషయాలని వదిలేయకూడదు.

మొదట గోళ్ల సంగతి. ఇరవై గోళ్ల కుక్క ఉంటే గాలి, ధూళి ఇంటి దరికి రావని నమ్ముతారు. కుక్కకు సాధారణంగా ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం 18 గోళ్లుంటాయి. కొన్నిటికి వెనక కాళ్లకూ పైభాగాన ఒక్కో అదనపు వేలు వస్తుంది. అది వంశపారంపర్యంగా వచ్చే జన్యు మార్పు. పిరనీస్ పర్వతాల్లో గొర్రెల మందలను కాసే కుక్కలకు వెనక ఒక్కో కాలికి రెండేసి అదనపు వేళ్లుండటం ఆ జాతి లక్షణమే. అదనపు వేలి గోరు నేలకు తగలదు, అరగదు. కత్తిరించకపోతే వంకర తిరిగి కండలోకి దిగుతుంది. దాని గురించి యజమాని తెలుసుకోవలసింది ఇంతే. అంగిలి నలుపూ అంతే. మన జుట్టుకు రంగునిచ్చే మెలనిన్ అక్కడ ఎక్కువ చేరితే నల్లగా ఉంటుంది.

రంగు విషయంలో నమ్మకం తనను తానే కొట్టేసుకుంటుంది. నల్లకుక్క కాలభైరవుడి వాహనమని ఒక ఇంట్లో రొట్టె పెడతారు. నల్లకుక్క శని అని పక్కింట్లో గడప తొక్కనివ్వరు. ఒకే రంగు నుంచి రెండు ఎదురెదురు తీర్పులు వచ్చాయంటే ఆ తీర్పులు రంగులోంచి పుట్టినవి కావు. పైగా లాబ్రడార్ తల్లి ఒకే ఈతలో నల్లపిల్లను, పసుపుపిల్లను, చాక్లెట్ రంగు పిల్లను కనగలదు. ఈ తేడాకు ముఖ్యంగా రెండు జన్యువులు కారణం. ఒకే కడుపున పుట్టిన ముగ్గురిలో ఒక్కరికే శని ఎలా పడుతుంది? రంగు గురించి నిజంగా తెలియాల్సిన మాట వేరే ఉంది. బ్రిటన్‌లో పశువైద్యుల రికార్డులను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో చాక్లెట్ రంగు లాబ్రడార్ల సగటు ఆయుష్షు 10.7 ఏళ్లు, మిగతా రంగులవాటిది 12.1 ఏళ్లు అని తేలింది. చాక్లెట్ రంగువాటిలో చెవి, చర్మ వ్యాధులూ ఎక్కువే. ఆ రంగు కోసమే కొద్దిపాటి కుక్కల మధ్య పదేపదే ఈనించడం ఇందుకు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. రంగు మోజుతో కొనేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

కుక్క ఏడిస్తే ఆ వాడలో చావు తప్పదంటారు. కుక్క ఊళ పెట్టడం తోటి కుక్కలను పిలవడం. ఒంటరిగా కట్టేసిన పిల్ల ఊళ పెడుతుంది. వానకాలం పోయాక ఎద కాలంలో వీధికుక్కలూ రాత్రంతా అరుస్తాయి. చావు జరిగిన రాత్రి ఊళ అందరికీ గుర్తుంటుంది. ఏమీ జరగని రాత్రుల ఊళలను ఎవరూ లెక్కవేయరు. ఈ నమ్మకంతో తల్లిని విడిచి వచ్చిన పసికూనను మూడో రోజే బయటికి గెంటేసే ఇళ్లున్నాయి. దానికి కావలసింది పక్కన మనిషి తోడు.

అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు తీసే మాట మరొకటి ఉంది: "మా ఇంటికి కుక్క అచ్చిరాదు." తెచ్చిన పిల్ల వారం పదిరోజుల్లో తిండి మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, నెత్తురు విరేచనాలవుతాయి, చనిపోతుంది. దిష్టి తగిలిందంటారు. కొన్నాళ్లకు ఇంకో పిల్లను, ఈసారి మంచి రోజు చూసి, మెడకు నల్లదారం కట్టి తెస్తారు. అదీ అలాగే పోతుంది. ఇక వాస్తు దోషమో, ఇంటి దోషమో ఖాయమైపోతుంది. ఇక్కడ కుటుంబం చూసింది అబద్ధం కాదు. ఆ ఇంట్లో నిజంగానే వరుసగా పిల్లలు చచ్చిపోయాయి. కారణాన్నే తప్పుగా పట్టుకున్నారు. ఆ వ్యాధి పేరు పార్వో. దాని వైరస్ 1978 ప్రాంతంలో ప్రపంచమంతా వ్యాపించింది. జబ్బు కుక్క మలంలో కోట్లాదిగా బయటికి వచ్చి నేలలో, గోనెసంచిలో, గిన్నెలో, మన చెప్పుల అడుగున నెలల తరబడి బతుకుతుంది. మామూలు సబ్బుకు చావదు. గచ్చును బ్లీచింగ్ ద్రావణంతో కడగాలి. మట్టి వాకిలిని పూర్తిగా శుద్ధి చేయడం సాధ్యం కాదు. మొదటి పిల్ల వదిలిన వైరసే రెండో పిల్లను చంపింది. ఆ ఇంటికి కావలసింది శాంతి పూజ కాదు, టీకాలన్నీ పూర్తయిన కుక్క.

టీకా ఒక్కసారి వేయిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నన్నాళ్లు టీకాను పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తారు. మొదటి టీకా వేయించి ఇక భయం లేదనుకుని వీధిలో తిప్పే యజమాని దాన్ని ప్రమాదంలోకే తీసుకెళ్తున్నాడు.

దిష్టి నమ్మకం తిండి దగ్గరా నష్టమే చేస్తుంది. కుక్క చూస్తుండగా తింటే దాని చూపు తగులుతుందని కంచంలోంచి ఓ ముద్ద వేస్తారు. లాబ్రడార్ ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు దీనికి కారణం కనుక్కున్నారు. ఈ జాతిలో సుమారు నాలుగోవంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం ఉండదు. వాటికి ఆకలి తీరినట్టు సరిగా తెలియదు. ఆ చూపుకు కరిగి పెట్టే ప్రతి ముద్దా అసలే తుంటి, మోచేతి కీళ్ల జబ్బులకు గురయ్యే ఈ కుక్క మీద బరువై పడుతుంది. ఉల్లిగడ్డ కలిసిన కూరలు దాని ఎర్రరక్తకణాలను చెడగొడతాయి. ద్రాక్ష, చాక్లెట్ దానికి విషం.

ఈ జాతి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో, మంచునీళ్లలో జాలర్ల వలలు లాగిన కుక్కల సంతతి. దాన్ని ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రామగుండం, ఆదిలాబాద్‌లకు తెచ్చుకుంటున్నాం. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు. నాలుక చాచి రొప్పుతుంది. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం కట్టేస్తే ప్రాణం పోవచ్చు. బొచ్చు గొరిగితే చల్లగా ఉంటుందన్నదీ తప్పే. లోపలి, పై పొరల బొచ్చు ఎండ వేడినీ కొంత ఆపుతుంది. నీడ, నీళ్లు, ఫ్యాను, తెల్లవారకముందే నడక కావాలి. పిడుదులకు, గజ్జికి కాలిన ఇంజన్ ఆయిల్ పూయడం ఇంకో దురాచారం. కుక్క దాన్ని నాకుతుంది, అది విషం.

రోషం కోసం తోక కోయడం, చెవులు కత్తిరించడం, మిరపకాయలు తినిపించడం కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. నొప్పి కుక్కకు నేర్పేది మనిషంటే భయం. అలా అంగాలు కోయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. జాతి కుక్క అయితే గుణం దానంతటదే వస్తుందన్న నమ్మకమూ నిలబడదు. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం కుక్కల ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వివరించగలిగేది సుమారు 9 శాతమే. మిగతాదాంట్లో పెంపకం, పరిసరాలు, ఆ కుక్క సొంత స్వభావం ఉన్నాయి. పుట్టుకను బట్టి గుణాన్ని తీర్మానించే అలవాటు మనుషుల విషయంలో ఈ సమాజానికి ఎంత అన్యాయం చేసిందో మనకు తెలుసు. కుక్కల దగ్గరా ఆ అలవాటు మానుకుందాం. కాపలాకు కుక్క కావాలంటే వీధిలో పుట్టిన దేశవాళీ పిల్లనూ తెచ్చుకోవచ్చు, అది ఈ ఎండలను లాబ్రడార్ కన్నా బాగా తట్టుకుంటుంది.

చివరిది రేబిస్. "చిన్న పిల్ల, పాలపళ్లు, ఏం కాదు" అనుకుంటారు. టీకా పడని కుక్కపిల్లకూ రేబిస్ రావచ్చు. దాని పంటి గీటూ కాటే. గీరుకున్న చోట పసుపు, కారం, సున్నం పెట్టి, పసరు మందు తాగించి పథ్యం చెప్పేవాళ్లు ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆ మందు పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుంది? కరిచే కుక్కల్లో ఎక్కువవాటికి రేబిస్ ఉండదు. ఉన్న కుక్క కరిచినా అందరికీ జబ్బు రాదు. బతికినవాళ్లందరూ మందుకు సాక్షులవుతారు. జబ్బు సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలల తర్వాత బయటపడుతుంది. అప్పటికి కాటు మరుగున పడిపోతుంది. చనిపోతే పథ్యం తప్పాడంటారు. గెలిస్తే మందు ఘనత, ఓడితే రోగి తప్పు అయ్యే వైద్యాన్ని ఏ సాక్ష్యమూ తప్పని నిరూపించలేదు. అందుకే దాన్ని నమ్మకూడదు. లక్షణాలు కనిపించాక రేబిస్‌కు దాదాపు చికిత్స లేదు. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది దీనికి బలవుతారని అంచనా. ఆ అంచనా ప్రకారం వారిలో మూడోవంతుకు పైగా మన దేశంవారే. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పాత కాలం మాట. గాయాన్ని పావుగంట సేపు సబ్బుతో ధారగా కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, చేతికి వేసే టీకాలన్నీ వేయించుకోవాలి. నెత్తురు వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో బూస్టర్లు వేయించాలి.

కాబట్టి కొనేముందు అడగవలసినవి ఇవి. ఎనిమిది వారాలు నిండాయా? 2017 నిబంధనల ప్రకారం అంతకన్నా చిన్న పిల్లను అమ్మడం నిషిద్ధం. అమ్మేవాళ్లకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి రిజిస్ట్రేషన్ ఉందా? తల్లిని చూపిస్తారా, దాని కీళ్ల ఎక్స్‌రే ఉందా? టీకాల కార్డు ఇస్తారా? పది పన్నెండేళ్లు రోజూ రెండు పూటలా నడిపించే మనిషి ఇంట్లో ఉన్నారా? సందేహముంటే అడగడానికి మండల పశువైద్యశాల ఉంది. కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది.

మన రాజ్యాంగం 51ఎ అధికరణంలో జీవుల పట్ల కరుణ కలిగి ఉండటాన్ని, శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడాన్ని పక్కపక్కనే పౌరుల విధులుగా రాసింది. కుక్క విషయంలో ఆ రెండూ వేరు కావు. కారణం తెలుసుకోకుండా చూపే ప్రేమ దాని ప్రాణం కాపాడదు. మీ ఇంటికి కుక్కపిల్ల వస్తే గోళ్లు లెక్కపెట్టకండి, పంచాంగం తెరవకండి, ముందు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.