రెక్కలు రాకముందే గుర్తించాలి

చింతామణి, బాగేపల్లి తాలూకాలు 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడేవరకు కోలారు జిల్లాలోనివే. ఆ కోలారులోనే 1999లో తెల్లదోమలోని ‘బి’ బయోటైపు భారతదేశంలో మొట్టమొదటిసారిగా బయటపడింది. ఆనాడు ఆకుముడత తెగులు టమోటా తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. అనంతరం బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తెగులును తట్టుకొనే నంది, సంక్రాంతి, వైభవ్ రకాలను రూపొందించింది. అయినా బెడద తీరలేదు.

ఇందుకు ఒక కారణం రైతు చూపు ఎగిరే దోమపైనే నిలవడం. కొమ్మ కదిపితే లేచేది తల్లిదోమ మాత్రమే. దాని సంతానం ఆకు అడుగున కదలక అంటుకొని రసం పీలుస్తూ ఉంటుంది. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్లపురుగు కొద్ది దూరం ప్రాకి, ఒకచోట స్థిరపడుతుంది. పలుచగా, కోలగా, లేత పసుపు రంగులో, మిల్లీమీటరు కన్న చిన్నదిగా ఉండే దానిని భూతద్దంతోనే పోల్చుకోగలం. చివరి దశలో ఎర్రని కన్నులు కనిపిస్తాయి. బయోటైపును మాత్రం కంటితో తేల్చలేము, దానికి డి.ఎన్.ఏ. పరీక్షే శరణ్యం.

తెగులు సోకిన మొక్కపై పెరిగిన పిల్లపురుగు, రెక్కలు వచ్చేనాటికే వైరసును మోసుకొంటుంది. ఎగరలేని ఈ పురుగు నారుతోపాటు సరిహద్దు దాటగలదు. కనుక నారు కొనేటప్పుడు ఆకు తిప్పి చూడడం, నారుమడిని సన్నని నైలాను వలతో కప్పడం తప్పనిసరి. దోమ ఎగిరిన తరువాత కొట్టే మందు ఆలస్యపు ఖర్చే.