నేర్చుకొనువానికి తగిన గాలిపటము

పనిముట్టు ఎంత బలమైనదైన అంత మేలైనదని జనులు సాధారణముగా తలంతురు. ఈ తలంపు కొన్ని చోట్ల సత్యమే కావచ్చును గాని, గాలిపటముచేత లాగబడుచు సముద్రముపై పలకనెక్కి పరుగిడు కైటు సర్ఫింగు అను క్రీడయందు మాత్రము ఇది ప్రాణములమీదికి దెచ్చు పొరపాటు. మన దేశమున రామేశ్వరతీరమందు ఈ విద్య నేర్పబడుచున్నది. ఉత్సాహవంతులగు మన యువకులు దానియం దాసక్తి చూపుట వింతగాదు. కావున క్రొత్తగా నేర్చుకొనువా డెట్టి పటము నెన్నుకొనవలెనను విషయమై నా యభిప్రాయమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాను. మిక్కిలిగా లాగునట్టిది గాక, మనము కోరిన క్షణమున లాగుట మానునట్టి పటమే వానికి తగినది.

గాలిపటముచే బరువును లాగించుట క్రొత్త యాలోచన గాదు. ఇంగ్లాండు దేశమున బ్రిస్టలు నగరమందలి జార్జి పోకాకు అను ఉపాధ్యాయుడు పటములు లాగెడి బండిని కల్పించి, 1826వ సంవత్సరమున దానికి పేటెంటు పొందెను. క్రికెట్టు ఆటలో ప్రఖ్యాతి గాంచిన డబ్ల్యు. జి. గ్రేసు ఈయన దౌహిత్రుడు. అయితే నేలపై సాగినది నీటిపై సాగుట కష్టమయ్యెను. ఏలయన, నీటబడిన పటము తడిసి మరల లేవదు. ఫ్రాన్సు దేశీయులగు బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అను సోదరులు గాలి నింపిన గొట్టములు గల పటమును నిర్మించి, 1984లో పేటెంటు కొరకు దరఖాస్తు చేసిరి. గొట్టములలోని గాలిచే పటము నీటిపై తేలును, దాని యాకారము చెడదు, తిరిగి యెగురవేయ వీలగును. నేడు నేర్పరులు వాడు పటములలో పెక్కింటికి ఇదియే మూలము.

మన పిల్లలు సంక్రాంతికి ఎగురవేయు పటమునకును దీనికిని గల భేదమును మొదట గ్రహింపవలెను. అచ్చట దారము తెగినచో పటము పోవును, పిల్లవాడు నిలుచును. ఇచ్చట మనిషి పటమునకు నడుముపట్టాతో తగిలింపబడి యుండును గనుక, అదుపు తప్పిన పటము మనిషినే ఈడ్చుకొనిపోవును. అంతేగాక, గాలివేగము రెట్టింపైనచో దాని బలము నాలుగు రెట్లగును. 15 నాట్లు, అనగా గంటకు సుమారు 28 కిలోమీటర్ల వేగముతో వీచు గాలి 21 నాట్లకు హెచ్చినచో, చూపులకు స్వల్పభేదమే గాని, లాగుడు రమారమి రెట్టింపగును. ఇట్టి సమయమున పటమును నెమ్మదింపజేయు నుపాయము లేనివాని గతి యేమి?

ఆ యుపాయము పటము నిర్మాణమునందే యున్నది. సాధారణముగా దానికి నాలుగు దారము లుండును. ముందరి రెండును నడుముపట్టాకు, వెనుకటి రెండును చేతికఱ్ఱ కొనలకు చేరును. కఱ్ఱను ఎదుటికి పోనిచ్చినచో వెనుక దారములు వదులై, పటము గాలిని పట్టుట తగ్గించును. తొలికాలమున అమ్ముడైన, ఆంగ్లాక్షరము ‘సి’ వలె వంగిన పటములయందు ఈ సడలింపు కొద్దిగానే సాధ్యమయ్యెడిది. 2005 ప్రాంతమున ధనుస్సువలె చదునైన వంపు గల పటములు అంగడికి వచ్చిన పిమ్మట, కఱ్ఱను వదలిన మాత్రమున లాగుడు చాల మట్టుకు పోవుట సాధ్యమయ్యెను. నీటినుండి తిరిగి లేపుటయు సులభమయ్యెను. నేర్చుకొనువా డిట్టి వంశమునకు చెందిన పటమునే కోరవలెను.

ఇక పరిమాణము. శరీరపు బరువును కిలోలలో తీసికొని 2.2తో హెచ్చించి, గాలివేగమును నాట్లలో చెప్పు సంఖ్యచే భాగించినచో, పటము వైశాల్యము చదరపు మీటర్లలో సుమారుగా తేలును. 15 నాట్ల గాలిలో 60 కిలోల వానికి 9, 75 కిలోల వానికి 11 చదరపు మీటర్లు చాలును. ఇది అంచనాయే గాని శాసనము గాదు. రెంటి నడుమ సందేహము కలిగినచో చిన్నదానినే తీసికొనవలెనని నా మతము. చిన్నపటము త్వరగా తిరుగును, కొంత చికాకు పెట్టును, నిజమే. కాని అది నేర్పుచాలమిని క్షమించును, పెద్దది క్షమింపదు.

“పెద్దపటము తక్కువ గాలిలోను పనికివచ్చును గదా, పాతది చవుకగా దొరకును గదా” యని కొంద రందురు. తలిదండ్రుల ధనము మిగిల్చు నుద్దేశము మంచిదే. అయినను ఇరువదేండ్లనాటి పటమునకు సరియైన సడలింపు ఉండకపోవచ్చును. ఎండకు బట్ట చివికి, దారములు అసమానముగా సాగి, గొట్టములు గాలి నిలుపక యుండవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆపదలో ఒక్క త్రోపుతో పటమును విడిపించు మీట. అది పనిచేసినచో పటము ఒక్క దారమున వ్రేలాడి బలము గోల్పోయి పడును. ఇసుకయు ఉప్పును పట్టి ఆ మీట బిగిసియున్నచో, చవుకగా కొన్నది మిక్కిలి ప్రియమగును.

కావున నే నుపదేశించు క్రమమిది. మొదట 2 లేక 3 చదరపు మీటర్ల చిన్నపటమును, జనులును విద్యుత్తీగెలును లేని విశాలమైన నేలపై, రెండు చేతులకును అలవడువరకు ఆడింపవలెను. పిదప శిక్షకుని యొద్ద, ఆతని పటముతోనే నీటిలో దిగవలెను. ఒడ్డునుండి సముద్రమువైపు వీచు గాలిలో ఎన్నడును దిగరాదు. తన బరువును, తన తీరపు గాలిని ఎఱిగిన పిమ్మటనే సొంతపటము కొనవలెను. కొనుటకు ముందు ఆ విడుదల మీటను తన చేతితో పలుమార్లు నొక్కి చూడవలెను.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు చెప్పిన ఉపమానమును బడిలో మీరందరును విన్నవారే. ఆ లెక్క ధనమునకు మాత్రమే గాదు, తన శక్తికిని వర్తించును. 2024లో ఒలింపిక్ పందెములయందు మార్సెయిల్లు సముద్రముపై పరుగిడినవారి పెద్దపటములను చూచి ముచ్చటపడుట తప్పుగాదు. వారు చిరకాల సాధనచేత వానిని లోబరచుకొన్నవారు. మీరు మాత్రము నేడు మీ మాట వినుదానిని చేపట్టుడు. మీ నేర్పు పెరిగినకొలది పెద్దపటము తానై మీ చేతికి వచ్చును.