రోహిణి కార్తె రాకముందే జరిగే నష్టం

రోళ్లు పగిలే ఎండ అనగానే మనకు రోహిణి కార్తె గుర్తొస్తుంది. అది మే చివరి వారంలో వస్తుంది. తెలంగాణ పల్లెల్లో ఎండ వల్ల వరికి జరిగే నష్టం మాత్రం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. యాసంగి వరి చాలాచోట్ల మార్చిలో ఈనుతుంది, ఏప్రిల్‌లో గింజ ముదురుతుంది, రోహిణి వచ్చేసరికి ధాన్యం కొనుగోలు కేంద్రానికో మిల్లుకో చేరిపోతుంది. భారత వాతావరణ విభాగం ఏటా ఫిబ్రవరి నెలాఖరున ఒకసారి, మార్చి నెలాఖరున మరోసారి వేసవి అంచనాలు ప్రకటిస్తుంది. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు సాధారణాన్ని మించే అవకాశం ఎంత, వడగాలుల రోజులు పెరుగుతాయా తగ్గుతాయా అన్నవి అందులో ఉంటాయి. మర్నాడు ‘ఈసారి ఎండలు మండిపోతాయి’ అని వార్త వస్తుంది. రైతు చదివి పక్కన పెడతాడు, చదివాక ఏం చేయాలో అందులో లేదు కనుక. వడగాలి రోజుల లెక్క ఒక్కటే చెప్తే సరిపోదు. ఏ దశలో ఉన్న పంటకు, ఏ రాత్రులకు, ఏ పనిగంటలకు ముప్పు ఉందో వేసవి అంచనా చెప్పగలగాలి. దానికి తగ్గట్టు తమ తేదీలను మార్చుకునే బాధ్యత ప్రభుత్వ శాఖలు తీసుకోవాలి.

వడగాలి అన్న మాటకు వాతావరణ విభాగం దగ్గర ఖచ్చితమైన లెక్క ఉంది. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలైనా ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ కావాలి. లేదంటే ఏకంగా 45 డిగ్రీలు తాకాలి. అదీ ఒక వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో, వరసగా రెండు రోజులు నమోదైతే, రెండో రోజున వడగాలి ప్రకటిస్తారు. ఆదిలాబాద్ నుంచి నాగర్‌కర్నూల్ దాకా తెలంగాణ అంతా కలిపి ఒకటే ఉపవిభాగం. రామగుండం లాంటి చోట మే నెల సాధారణ గరిష్ఠమే 40 డిగ్రీలు దాటి ఉంటుంది. అక్కడ 44 డిగ్రీల ఎండ కాసినా చాలా రోజులు అది వడగాలి కింద జమ కాదు. ఇది కొలతలోని తప్పు కాదు. అసాధారణమైన వేడిని పట్టుకోవడానికి చేసిన కొలత అది, ఆ పని అది చేస్తోంది. సాధారణమే కఠినంగా ఉన్న నేల మీద ఆ గీత కింద జరిగే నష్టం దానికి కనబడదు, అంతే. మనం చేస్తున్న పొరపాటు ఆ గీతనే హానికి కూడా హద్దు అనుకోవడం.

వరి సంగతే చూడండి. వరి పువ్వు పొద్దున పది గంటల నుంచి మధ్యాహ్నం లోపు విచ్చుకుంటుంది. ఆ కాసేపట్లో వేడి 35 డిగ్రీలు మించితే పుప్పొడి దెబ్బతిని గింజ పట్టదు, కంకిలో తాలు పెరుగుతుంది. ఈ 35 డిగ్రీలు వడగాలి కనీస హద్దుకు ఐదు డిగ్రీలు కింద. మార్చి మూడో వారంలో 37 డిగ్రీలు నమోదైతే ఎవరూ హెచ్చరిక ఇవ్వరు, ఇవ్వాల్సిన నిబంధన కూడా లేదు. రాత్రి వేడి ఇంకా మెల్లగా, ఇంకా లోతుగా పనిచేస్తుంది. పగలు తయారుచేసుకున్న పిండిపదార్థాన్ని మొక్క వేడి రాత్రుల్లో శ్వాసకే ఖర్చు పెట్టేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలతో 2004లో వెలువడిన అధ్యయనం, ఎండాకాలపు వరిలో రాత్రి కనిష్ఠం ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి దాదాపు పది శాతం తగ్గిందని చూపింది. మన దగ్గర ‘వెచ్చని రాత్రి’ అని ప్రకటించాలన్నా ఆ పగలు 40 డిగ్రీలు దాటి ఉండాలి. అంటే మార్చి రాత్రులు ఆ లెక్కలోకే రావు. నష్టం పొలంతో ఆగదు. ఏప్రిల్ వేడికి ముదిరిన గింజలో సన్నటి పగుళ్లు పడతాయి, మరపట్టిస్తే బియ్యం బదులు నూక ఎక్కువ రాలుతుంది. క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చిబియ్యం ఇవ్వాలన్నది ప్రభుత్వ సేకరణ ప్రమాణం. యాసంగి ధాన్యంలో అది సాధ్యం కాదనే మిల్లర్లు ఉప్పుడు బియ్యం పడతారు. 2021-22లో ఆ ఉప్పుడు బియ్యం తీసుకోవడం మీదే రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య పెద్ద తగవు నడిచింది. అది రాజకీయ తగవుగానే మన జ్ఞాపకంలో మిగిలింది. దాని అడుగున ఉన్నది ఏప్రిల్ ఎండ.

ఉత్తరాది గోధుమ ఇదే పాఠం చెప్పింది. 2022 మార్చి, 1901 నుంచి నమోదైన మార్చి నెలలన్నిటిలో దేశానికి అత్యంత వేడి నెల. గింజ పాలుపోసుకునే వేళకే వేడి తగిలి పంజాబ్, హర్యానాల్లో దిగుబడి పడిపోయింది. మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులను నిషేధించింది. మే ఎండలు ముదరకముందే నష్టం ఖరారైపోయింది.

మనుషుల విషయంలోనూ ఇంతే. 2015 మేలో వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. ఆ తర్వాత హెచ్చరికలు మెరుగయ్యాయి, చలివేంద్రాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఊళ్లకు చేరాయి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు నాలుగు లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. మంచి నిర్ణయం. అయినా అది మనిషి పోయాక అందేది. పోకముందు చేయగలిగింది పనిగంటల దగ్గర ఉంది. వ్యవసాయ పనులు తగ్గే ఏప్రిల్, మే నెలల్లోనే ఉపాధి పనులకు జనం ఎక్కువగా వస్తారు. ఎండకు గట్టిపడిన నేలను తవ్వాలి, తవ్విన కొలతను బట్టి కూలి పడుతుంది. ఒకప్పుడు వేసవి నెలల్లో 20 నుంచి 30 శాతం దాకా అదనపు భత్యం ఉండేది, తక్కువ తవ్వినా కూలి నిలిచేది. తర్వాత అది పోయింది. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు తప్పనిసరైంది. తెల్లవారగానే వచ్చి ఎండెక్కకముందే పని ముగించిన కూలీ కూడా రెండో ఫొటో కోసం చెట్టు కిందో గట్టు మీదో కూర్చోవాల్సి వచ్చింది. ఎండలో ఉండొద్దని ఒక శాఖ హెచ్చరిస్తుంటే ఇంకో శాఖ నిబంధన ఆమెను ఎండలోనే ఉంచింది. ఇక రేకుల ఇళ్లలో రాత్రంతా నిద్రపట్టని ముసలివాళ్లు గుండెపోటుతోనో కిడ్నీ చెడిపోయో పోతారు. వాళ్లలో చాలామంది వడదెబ్బ లెక్కకు అందరు.

రైతుకు ఎండ గురించి ఎవరో చెప్పాలా అని అడిగేవారున్నారు. గౌరవించాల్సిన ప్రశ్నే. తరాల అనుభవం ఆకాశాన్ని చదవగలదు. ఆ అనుభవం ఏర్పడింది వేరే వాతావరణంలో, వేరే పంటలతో. కాలువల నీటితో, బోర్లతో ఇంత విస్తీర్ణంలో యాసంగి వరి పండించడం ఈ నేలకు కొత్త. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశానికి అత్యంత వేడి సంవత్సరం 2024. ఎన్నడూ ఎదురవని పరిస్థితికి సామెతలు ఉండవు.

ఫిబ్రవరిలోనే ఏ మండలంలో ఏ రోజు ఎంత ఎండ కాస్తుందో చెప్పడం శాస్త్రానికి సాధ్యమా అన్న అభ్యంతరం ఇంతకంటే బలమైనది. సాధ్యం కాదు. కాలానుగుణ అంచనా సంభావ్యతనే చెప్పగలదు. దాని మీద ఆధారపడి తేదీలవారీ పని పెట్టుకోకూడదు. అయితే వాతావరణ విభాగమే ప్రతి గురువారం నాలుగు వారాల అంచనా ఇస్తోంది, రోజువారీ హెచ్చరికలూ ఇస్తోంది. పూతకు వచ్చిన వరిలో నీరు నిలిపి ఉంచాలని, సాయంత్రం తడి పెట్టాలని చెప్పడానికి నాలుగు వారాల అంచనా చాలు. పనివేళలు మార్చడానికి నాలుగైదు రోజుల ముందు తెలిస్తే చాలు. తెలంగాణ రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీకి మండలాల్లో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, వాటి రాత్రి ఉష్ణోగ్రతలు రోజూ నమోదవుతూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ వడగాలి హెచ్చరికలను మండలాల పేర్లతో సహా ఇస్తోంది. కొరవడింది ఆ అంకెను పంట భాషలోకి మార్చి చెప్పే మనిషి. ఆ పని చేయడానికే కృషి విజ్ఞాన కేంద్రాల్లో దేశవ్యాప్తంగా 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు పెట్టారు. 2024లో వాటిని మూసేశారు. అవసరం పెరుగుతున్న వేళ తీసుకున్న ఆ నిర్ణయాన్ని నేను సమర్థించలేను.

తరచుగా హెచ్చరిస్తే జనం పట్టించుకోరన్న భయమూ ఉంది. అందరికీ ఒకే హెచ్చరిక పంపితే నిజంగానే పట్టించుకోరు. ఈనిక దశలో ఉన్న వరి రైతుకు మార్చిలో ఒక మాట, కల్లంలో ధాన్యం ఆరబోసే రైతుకు, కాంటా దగ్గర బస్తాలు మోసే హమాలీకి ఏప్రిల్‌లో వేరే మాట వెళ్తే, అది వారి పనికి సంబంధించిన కబురవుతుంది.

అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఎండాకాలంలో ఉండదు, చలికాలంలో ఉంటుంది. నాట్లు సంక్రాంతి దాటితే పూత మార్చి చివరి వేడిలో పడుతుంది, కోత వడగళ్ల కాలంలో పడుతుంది. 2023 మార్చి, ఏప్రిల్ వడగళ్ల వానలు ఆ రెండో నష్టాన్ని కళ్లకు కట్టాయి. నాట్లు ముందుకు జరపమని రైతుకు సలహా ఇవ్వడం తేలిక. వానాకాలం కోతలు ఆలస్యమై, కాలువ నీళ్లు డిసెంబరు చివరికి గానీ రాకపోతే రైతు ఏ నారు పోసి ఏ నాటు వేస్తాడు? శ్రీరాంసాగర్, నాగార్జునసాగర్ కింద యాసంగి నీటి విడుదల తేదీని నిర్ణయించేది నీటిపారుదల శాఖ. ఆ నిర్ణయానికి జలాశయంలో ఎన్ని టీఎంసీలున్నాయన్నది ఒక్కటే ఆధారం కాకూడదు. పూత ఏ వారంలో పడుతుందో, ఆ వారం గత పదేళ్ల మండల ఉష్ణోగ్రతలు ఎలా ఉన్నాయో కూడా అదే సమావేశంలో బల్ల మీద ఉండాలి. నీళ్లు ముందుగా ఇవ్వలేని ఆయకట్టుకు ఆ సంగతి నవంబరులోనే చెప్పాలి. అప్పుడు రైతు స్వల్పకాలిక రకం ఎంచుకుంటాడు, లేదా చివరి భూముల్లో వరి మాని నువ్వులో పెసరో వేసుకుంటాడు.