ఇంటి బీరు.. ఇంటర్వ్యూకు పనికొస్తుందా?

అమెరికాలో ఎమ్మెస్‌ చేస్తున్న సీనియర్‌ ఒకరు శనివారం ఇంట్లో బీరు కాచి, ఆ ఫొటోలు గ్రూపులో పెడతారు. ఇక్కడ హైదరాబాద్‌లోనేమో మైక్రోబ్రూవరీలు కనిపిస్తున్నాయి, 'బ్రూమాస్టర్‌' అనే హోదా వినిపిస్తోంది. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, ఫుడ్‌ టెక్నాలజీ చదువుతున్న మీకు సహజంగానే మూడు ప్రశ్నలు వస్తాయి. మనమూ ఇంట్లో చేయొచ్చా? ఇందులో ఉద్యోగాలున్నాయా? లక్షలు పోసి కోర్సు చేస్తే గిట్టుబాటవుతుందా? ఒక్కొక్కటిగా చూద్దాం. గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లకు కూడా ఇందులో పనికొచ్చే పాలిటీ, ఎకానమీ ఉన్నాయి.

అమెరికాలో ఎలా మొదలైంది?

అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్య నిషేధం ఉంది. అది ఎత్తేశాక కూడా ఇంట్లో బీరు తయారీకి కేంద్ర చట్టం ఒప్పుకోలేదు. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌ సంతకం చేసిన చట్టంతో ఆ అడ్డు తొలగింది. ఇంట్లో ఒక్కరే పెద్దవారుంటే ఏడాదికి 100 గ్యాలన్లు (సుమారు 378 లీటర్లు), ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గ్యాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చు. అమ్మకూడదు. తుది మాట మాత్రం రాష్ట్రాలదే. అలబామా, మిసిసిపీ 2013లో గానీ ఒప్పుకోలేదు.

ఆ సరదాలోంచే ఒక పరిశ్రమ పుట్టింది. న్యూక్లియర్‌ ఇంజినీరింగ్‌ చదివి బడిపంతులుగా పనిచేసిన చార్లీ పపాజియన్‌ 1978లో ఇంటి బ్రూయర్ల సంఘాన్ని స్థాపించారు. కాలిఫోర్నియాలోని చికోలో ఇంటి బ్రూయర్లకు సరుకులు అమ్మే దుకాణం నడిపిన కెన్‌ గ్రాస్‌మన్‌ 1980లో సియెర్రా నెవాడా బ్రూవరీని మొదలుపెట్టారు. 1970ల చివర్లో అమెరికా మొత్తంలో వందకు లోపే ఉన్న బ్రూవరీలు ఇప్పుడు 9 వేలు దాటాయి.

ఇక్కడితో ఆగితే ఇది విజయగాథ. కానీ మీరు చూడాల్సింది తర్వాతి అంకం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 127 ఏళ్ల చరిత్ర ఉన్న యాంకర్‌ బ్రూయింగ్‌ 2023లో మూతపడింది. 2024లో దాదాపు 20 ఏళ్లలో మొదటిసారి కొత్తగా తెరిచిన క్రాఫ్ట్‌ బ్రూవరీల కంటే మూసేసినవే ఎక్కువ. 2025 గాలప్‌ సర్వేలో మద్యం తాగుతామని చెప్పిన అమెరికన్లు 54 శాతమే. ఆ సంస్థ ఈ ప్రశ్న అడగడం మొదలుపెట్టాక ఇదే అత్యల్పం. అంటే 'అమెరికాలో బూమ్‌ వచ్చింది కాబట్టి రేపు మన దగ్గరా వస్తుంది' అని లెక్క వేసుకోవద్దు. ఆ బూమ్‌ అక్కడే చల్లారుతోంది.

మన దగ్గర చట్టం ఏమంటోంది?

సూటిగా చెప్పాలంటే.. చేయకండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ రెండింటికీ మూలం 1968 ఎక్సైజ్‌ చట్టమే. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. ఆ నిర్వచనంలో బీరు కూడా ఉంది. 'అమ్మడానికి కాదు, ఫ్రెండ్స్‌ కోసం అయిదు లీటర్లే' అన్న సమాధానం చెల్లదు. కేసు నమోదైతే జరిమానాతో పోదు. ప్రభుత్వ ఉద్యోగం వస్తే నింపే అటెస్టేషన్‌ ఫారంలో క్రిమినల్‌ కేసుల కాలమ్‌ ఉంటుంది. పోలీసు వెరిఫికేషన్‌ దగ్గర ఆగిపోయేది మీ పోస్టింగే. ఒక వారాంతపు సరదాకు అంత ధర పెట్టడం దేనికి?

అమెరికాలో ఉన్నవాళ్లూ గుర్తుంచుకోవాల్సింది ఉంది. అక్కడ 21 ఏళ్లు నిండాలి. చేసిన బీరును పార్టీలో పంచుకోవడం వేరు, నాలుగు డాలర్లు తీసుకుని అమ్మడం వేరు. ఎఫ్‌-1 వీసా మీద ఉన్న విద్యార్థి అనుమతి లేకుండా సంపాదిస్తే చదువుకే ఎసరొస్తుంది.

మరి మన చట్టం ఇంత గట్టిగా ఎందుకుంది? రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని 8వ అంశం మత్తు పానీయాల తయారీ, రవాణా, అమ్మకాలను రాష్ట్రాలకు అప్పగించింది. 47వ అధికరణ మద్య నిషేధం వైపు అడుగులు వేయమంటోంది. 2024 అక్టోబరు 23న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1 మెజారిటీతో పారిశ్రామిక ఆల్కహాల్‌ కూడా ఈ 8వ అంశం కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. జస్టిస్‌ బి.వి.నాగరత్న విభేదించారు. గ్రూప్‌-1, గ్రూప్‌-2 అభ్యర్థులు ఈ తీర్పును కేంద్ర-రాష్ట్ర సంబంధాల పాఠంతో కలిపి చదువుకోవాలి. ఎక్సైజ్‌ ఎస్సై పోస్టులు గ్రూప్‌-2లోనే ఉంటాయన్నదీ మరవొద్దు.

చట్టం వెనక మన చరిత్ర కూడా ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం సడలినా ఆ జ్ఞాపకం పోలేదు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచిలో మిథనాల్‌ కలిసిన నాటుసారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. ధాన్యాన్ని పులియబెట్టే బీరుకూ, బట్టీ సారాకూ శాస్త్రపరంగా చాలా తేడా ఉంది, నిజమే. కానీ ఇంటింటికీ వెళ్లి ఆ తేడా తేల్చే యంత్రాంగం ఏ ప్రభుత్వం దగ్గరా లేదు. ఈ పరిస్థితిలో ఇంటి తయారీకి త్వరలో అనుమతి వస్తుందని ఆశించడం అత్యాశే.

ఉద్యోగాలు ఉన్నాయా?

ఉన్నాయి, కానీ కొన్నే. 2009లో పుణెలో డూలాలీ, 2010లో బెంగళూరులో టాయిట్‌ దారి వేశాయి. తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చింది. అయితే ఒక మైక్రోబ్రూవరీలో బీరు కాచే వాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతా సిబ్బంది అంతా వంటగదిలో, సర్వింగ్‌లో. బోర్డు మీద కనిపించే బ్రాండ్ల సంఖ్య చూసి ఖాళీల సంఖ్య ఊహించుకోవద్దు.

రెండో చిక్కు, ఈ వ్యాపారం పూర్తిగా ప్రభుత్వ నిర్ణయాల మీద నడుస్తుంది. 2025 జనవరిలో యునైటెడ్‌ బ్రూవరీస్‌ తెలంగాణకు బీరు సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. బకాయిలు, ఏళ్లుగా పెరగని ధర కారణాలని చెప్పింది. తర్వాత సరఫరా మళ్లీ మొదలైంది. ఫిబ్రవరిలో ప్రభుత్వం బీరు ధర 15 శాతం పెంచింది. కొనేది ఒక్క ప్రభుత్వ కార్పొరేషనే అయినప్పుడు పెద్ద కంపెనీకే ఊపిరి ఆడదు. 2015లో వచ్చిన బీరా 91ది ఇంకో పాఠం. దాని మాతృసంస్థ తన పేరులోంచి 'ప్రైవేట్‌' అన్న మాట తీసేసింది. దాంతో రాష్ట్రాల్లో లేబుళ్లు మళ్లీ నమోదు చేసుకోవాల్సి వచ్చి నెలల తరబడి అమ్మకాలు దెబ్బతిన్నాయి. 2025లో ఉద్యోగుల జీతాల బకాయిలు వార్తలకెక్కాయి. పేరులో ఒక్క మాట మారితే జీతం ఆగే రంగం ఇది. చేరేముందు ఈ సంగతి తెలిసి చేరాలి.

అసలు విలువ ఎక్కడుంది?

బీరు కాచే రోజు ఏం జరుగుతుందో చూడండి. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని 65-68 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచుతారు. ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. ఆ రసాన్ని హాప్స్‌ అనే పూలతో గంటసేపు మరిగిస్తారు. వెంటనే 20 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్‌ కలుపుతారు. ఇంట్లో చేసేవాళ్ల మామూలు లెక్క ఒక్కో విడతకు 19 లీటర్లు. పని అయిదారు గంటలు. అందులో సగం గిన్నెలు, గొట్టాలు శుభ్రం చేయడానికే.

కాచడం ఎంత ముఖ్యమో, ఆ రోజును రాసిపెట్టి పది మందితో పంచుకోవడమూ ఆ అలవాటులో అంతే ముఖ్యం. ఎంత బార్లీ, ఏ ఉష్ణోగ్రత, ఎంతసేపు, సాంద్రత ఎంత అని అన్నీ రాస్తారు. ఉదాహరణకు సాంద్రత 1.050తో మొదలై 1.010 దగ్గర ఆగిందనుకోండి. తేడా 0.040. దాన్ని 131.25తో గుణిస్తే ఆల్కహాల్‌ సుమారు 5.25 శాతం. తర్వాత తప్పుల చిట్టా. వెన్న వాసన వస్తే డయాసిటైల్‌ మిగిలిపోయింది, ఈస్ట్‌ పని పూర్తికాలేదు. మందుల వాసన వస్తే నీళ్లలో క్లోరిన్‌ను అనుమానించాలి. సీసా పేలితే పులియడం పూర్తి కాకముందే మూత బిగించారు, లేదా చక్కెర ఎక్కువ వేశారు.

ఈ చిట్టాను ఫార్మా కంపెనీలో చూపిస్తే పేరు మారుతుంది. బ్యాచ్‌ రికార్డు, డీవియేషన్‌ రిపోర్టు, మూలకారణ విశ్లేషణ అంటారు. ఫ్రెషర్లలో ఇంటర్వ్యూ ప్యానెళ్లు వెతికేది ఈ క్రమశిక్షణనే.

ఈస్ట్‌ పని బీరుతో ఆగిపోలేదు. హైదరాబాద్‌ శాంతా బయోటెక్నిక్స్‌ 1997లో విడుదల చేసిన హెపటైటిస్‌-బి టీకా షాన్‌వాక్‌-బి కూడా పికియా అనే ఈస్ట్‌లో తయారైందే. దేశం 2025లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్‌ కలిపే స్థాయికి చేరింది. ధాన్యం నుంచి ఇథనాల్‌ తీసే ప్లాంట్లలోనూ అదే వరస. పిండి, చక్కెర, ఈస్ట్‌. నిర్మల్‌ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024లో అలాంటి ప్లాంటుపై ప్రజలు రోడ్డెక్కిన విషయమూ మరవొద్దు. వ్యర్థ జలాల శుద్ధి తెలిసినవాళ్ల అవసరం అందుకే పెరుగుతుంది. కాబట్టి మీ లక్ష్యం 'బ్రూమాస్టర్‌' కాకుండా 'ఫెర్మెంటేషన్‌' అయితే ఒక తలుపు మూసుకున్నా మూడు తలుపులు తెరిచే ఉంటాయి.

ఇప్పుడేం చేయాలి?

- కేసు లేని ప్రయోగశాల మీ వంటింట్లోనే ఉంది. ఇడ్లీ పిండి, పెరుగు తీసుకోండి. గది ఉష్ణోగ్రత, సమయం, పిండి ఎంత ఎత్తు పొంగింది, పీహెచ్‌ స్ట్రిప్‌ రంగు.. ఇరవై విడతలు రాయండి. చలికాలంలో పిండి ఎందుకు పొంగలేదో అంకెలతో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో అయిదు నిమిషాలు మీవే.
- చదువు కొనసాగించాలనుకుంటే మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐలో ఎమ్మెస్సీ ఫుడ్‌ టెక్నాలజీ, పుణె వసంత్‌దాదా షుగర్‌ ఇన్‌స్టిట్యూట్‌, కాన్పూర్‌ నేషనల్‌ షుగర్‌ ఇన్‌స్టిట్యూట్‌లలో ఫెర్మెంటేషన్‌, ఆల్కహాల్‌ టెక్నాలజీ కోర్సులు చూడండి. గేట్‌లో బయోటెక్నాలజీ పేపరు ఉంది, ఫుడ్‌ టెక్నాలజీ ఒక విభాగంగా ఉంది.
- విదేశాల్లో ఎడిన్‌బరోలోని హెరియట్‌-వాట్‌, మ్యూనిక్‌ టెక్నికల్‌ యూనివర్సిటీ బ్రూయింగ్‌ చదువుకు పేరున్నవి. అప్పు చేసి వెళ్లేముందు తిరిగొచ్చాక ఇక్కడ దొరికే జీతంతో ఈఎంఐ కట్టగలరా అని కాగితం మీద లెక్క వేయండి.
- స్వల్పకాలిక బ్రూయింగ్‌ సర్టిఫికెట్‌ అమ్మేవాళ్లను రెండే అడగండి. కిందటి బ్యాచ్‌లో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది? వాళ్లలో ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడనిస్తారా? తడబడితే ఫీజు జేబులోనే ఉంచుకోండి.
- రెజ్యుమేలో 'బీరంటే ఆసక్తి' అని రాయకండి. 'ఉష్ణోగ్రత మార్పుల ప్రభావంపై 20 విడతల ఫెర్మెంటేషన్‌ రికార్డు' అని రాయండి.

అమెరికాలో ఇంటి బీరు నుంచి పరిశ్రమ పుట్టడానికి చట్టం దారిచ్చింది. మన దగ్గర ఆ దారి లేదు. కానీ ఆ అలవాటులోని కొలవడం, రాయడం, తప్పును నలుగురి ముందు పెట్టి కారణం వెతకడం.. వీటికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఈ రాత్రి పిండి రుబ్బేటప్పుడే మొదటి పేజీ రాసేయొచ్చు.